పచ్చితోలు పంతం

1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చినప్పుడు మనవాళ్లకు కృష్ణగారి టోపీ కనిపించింది, గుర్రం కనిపించింది, తుపాకీ కనిపించింది. ఆ తుపాకీ పెట్టుకునే ఒరను పట్టించుకున్నవాడు లేడు. టెక్సాస్‌లో ఒరలు చేత్తో కుట్టే పెద్దాయన పక్కింట్లో కాపురం పెట్టాక నాకు మాత్రం పట్టించుకోక తప్పలేదు.

తుపాకీ ఎవడైనా లాగుతాడు, తిరిగి పెట్టడంలోనే ఉంది కిటుకంతా అంటాడాయన. బెల్టు బిగువుకి ఖాళీ ఒర మూతి ముడుచుకుపోతుంది. అప్పుడు ఒక చేత్తో మూతి విప్పి, రెండో చేత్తో తూటాలున్న తుపాకీ దూర్చాలి. వేలు ఎక్కడుందో చూసుకోకపోతే తొడకి చిల్లే. సినిమాల్లో ఈ అవస్థ చూపించరు. చూపిస్తే విలన్ నవ్వలేక చస్తాడు, తూటా మిగులుతుంది.

1950ల్లో హాలీవుడ్ హీరోలకు ఒరలు కుట్టిన ఆర్వో ఓజాలా తోలు పొరల మధ్య లోహపు రేకు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ‘గన్‌స్మోక్’ సీరియల్ మొదట్లో మార్షల్ తూటాకి నేల కూలేదీ ఆయనే. అంత గొప్ప ఒర కనిపెట్టినవాడికి దక్కిన వేషం అది!

ఒర మూతి ముడుచుకోకుండా నిలబెట్టడానికి మా పెద్దాయనకి రేకు గిట్టదు. ఆయనది పచ్చితోలు పక్షం. సున్నంలో నానేసి, వెంట్రుకలు ఊడ్చి, గీకి, చట్రానికి లాగి కట్టి ఆరబెట్టిన పశువు చర్మం. మన దగ్గర తంగేడు చెక్కతో తోలు ఊనుతారే, ఆ వైభోగమేదీ దీనికి ఉండదు. తడిసినప్పుడు పెళ్లిచూపుల నాటి అల్లుడు, ఆరాక సంక్రాంతికి దిగిన అల్లుడు. మరుగునీళ్లు పోశారో, ముడుచుకుని ఎందుకూ పనికిరాకుండా పోతుంది. చన్నీళ్లలోనే, దానికి బుద్ధి పుట్టేదాకా నాననివ్వాలి.

మెత్తబడ్డాక పట్టీ కోసి, మూతి దగ్గర రెండు తోలు పొరల మధ్య పెట్టి కుడతాడు. బెజ్జాలు తడిమీదే పడాలి. ఆరాక పొడిస్తే తోలుకేం కాదు, ఆరె విరుగుతుంది. తర్వాత ప్లాస్టిక్ తుపాకీ బొమ్మని దూర్చి, వేళ్లతో నొక్కి నొక్కి ఆకారం తెచ్చి, నీడన వదిలేస్తాడు. తొందరపడి ఎండలో పెడితే మెలి తిరుగుతుంది. అది ఆరేదాకా ఆయన దాని జోలికి పోడు, ఎవర్నీ పోనివ్వడు.

ఇక్కడ ఈ తోలునే ముడులు వేసి కుక్కలు కొరుక్కోవడానికి అమ్ముతారు. అందుకని బకెట్లో తోలు నానుతుంటే ఆయన కుక్కకి నిద్రాహారాలుండవు. దాని లెక్కలో ఆ ముసలాయన తన భోజనాన్ని తుపాకులకు తొడుగుతున్నాడు. మా ఆవిడ లెక్క వేరు. “ఏవండీ, ఆ బకెట్ ఆయన పెరట్లోదే కావచ్చు, వాసన మాత్రం మన వంటింట్లోదే” అంటుంది.

ఒక్కటే లోపం. చెమట ఇంకితే పచ్చితోలు మళ్లీ మెత్తబడుతుంది. అందుకే అంచులకు మైనం పట్టిస్తాడు. అయినా టెక్సాస్ ఆగస్టు ముందు ఏ మైనం నిలుస్తుంది? మీ దేశంలో ఏం చేస్తారని అడిగాడు. చెమ్మకి డప్పు తోలు వదులైతే మంట వేసి కాచుకుంటారు, బిగుసుకుని మోగుతుందని గర్వంగా చెప్పాను.

ఆయన నడుముకున్న ఒరని, అందులోని తూటాల తుపాకీని ఓసారి చూసుకుని, నాకు రెండడుగులు దూరం జరిగాడు.