ఇరవై వేల మిల్లీమీటర్ల మొనగాడు

తొలకరి పడగానే హైదరాబాద్‌లో జనం రెండు రకాలవుతారు. రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లు చూసి కనిపించిన ప్రతి ప్రభుత్వాన్నీ తిట్టేవాళ్లు ఒక రకం. ఇంతకన్నా ఎక్కువ వాన ఎక్కడ పడుతుందో ఫోన్‌లో వెతుక్కుని, టికెట్ కొనుక్కుని మరీ తడవడానికి బయల్దేరేవాళ్లు ఇంకో రకం. విచిత్రమేమిటంటే సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా మొదటి రకంలో ఉన్నవాళ్లే, శుక్రవారం రాత్రి పుణె బస్సు ఎక్కేసరికి రెండో రకంలోకి మారిపోతారు.

మా మేనల్లుడు అలా మారినవాడే. జులైలో సహ్యాద్రి కొండల్లో రాజ్‌మాచీ కోట ఎక్కుదామనుకున్నాడు. కోట ఎక్కడికీ పోదు కాబట్టి ముందు జాకెట్ మీద పడ్డాడు. ఇంట్లోవాళ్లు తెచ్చిన పెళ్లి సంబంధాలన్నిటికీ ‘మీ ఇష్టం’ అని ఒక్క ముక్కలో తేల్చేసే మనిషి, జాకెట్‌కు మాత్రం ఎక్సెల్ షీట్ వేశాడు. అందులో అన్నిటికన్నా లావు అక్షరాలతో ఉన్న గడి ‘హైడ్రోస్టాటిక్ హెడ్’.

“ఇది ఇరవై వేలు మామయ్యా. మామూలువి పదివేలే” అన్నాడు. ప్యాకేజీ చెప్పుకున్నట్టే చెప్పాడు.

ఆ ఇరవై వేలు రూపాయలు కావు, మిల్లీమీటర్లు. గుడ్డముక్కను బిగించి దాని మీద నీటి ఒత్తిడి పెంచుకుంటూ పోతారు. అవతలి వైపు మూడు చోట్ల నీటిబొట్టు పొడుచుకు వచ్చాక ఆపి, ఆ ఒత్తిడి ఎంత ఎత్తు నీటికి సమానమో చూస్తారు. ఇరవై వేలంటే 20 మీటర్ల ఎత్తు నీళ్లు. నాగార్జునసాగర్ క్రస్ట్ గేట్ల ఎత్తు 13 మీటర్ల చిల్లర. అంటే సాగర్ నిండి గేటు అంచు తాకినప్పుడు దాని అడుగున ఎంత ఒత్తిడి ఉంటుందో, అంతకు ఒకటిన్నర రెట్లు మావాడు భుజాన వేసుకుని తిరుగుతాడన్నమాట. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, నీటికి అడ్డంగా స్టాప్‌లాగ్ పలకలు దింపడానికి ఇంజినీర్లు నానా తంటాలు పడ్డారు. అంత ఒత్తిడికి నిలిచే సరుకు మాల్‌లో రెండో అంతస్తులో, హ్యాంగర్లకు వేలాడుతూ దొరుకుతుందని పాపం వాళ్లకెవరూ చెప్పలేదు.

ఎంత కుంభవృష్టి అయినా ఆరంతస్తుల నీళ్లు మనిషి నెత్తిన నిలబడవు. బ్యాగు పట్టీలు భుజాన్ని నొక్కే చోట, తడిరాయి మీద చతికిలబడ్డ చోట ఒత్తిడి పెరిగే మాట నిజమే. దానికి పదివేలు ధారాళంగా సరిపోతుంది. అసలు మంచి జాకెట్‌లోకి నీళ్లు గుడ్డలోంచి రావు. మెడ దగ్గర, మణికట్టు దగ్గర, జిప్పు సందులో, కుట్టు కుట్టుకూ సూది చేసిన బెజ్జంలోంచి వస్తాయి. లోపలి వైపు తిప్పి కుట్ల మీద టేపు అంటించారా లేదా చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. తిప్పి చూడటానికి పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు ఎవరూ చూడరు.

జాకెట్ వచ్చిన రోజే స్నానాల గదిలో ట్రయల్ రన్ జరిగింది. పైన జాకెట్, టోపీ తాళ్లు గడ్డం కింద బిగించి, కింద లుంగీతో మావాడు షవర్ కింద నిలబడ్డాడు. మా అక్క గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలుచుంది. నీళ్లు గుడ్డకు అంటకుండా బొట్లు బొట్లుగా జారిపోయాయి. లుంగీ ముద్దయింది గాని, జిప్పు తీస్తే లోపల బనీను పొడిగానే ఉంది. “చూశావా!” అన్నాడు విజయగర్వంతో. కాకపోతే షవర్ కింద వాడు కదలకుండా నిలబడ్డాడు. కొండ అలా నిలబడనివ్వదు.

కదిలే మనిషికి చెమట పడుతుందన్న సంగతి ఈ వ్యాపారానికి మొదటినుంచీ తలనొప్పే. 1823లో స్కాట్లాండ్‌లో చార్లెస్ మకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి పేటెంట్ తీసుకున్నాడు. వాన బయటే ఆగిపోయింది, మనిషి లోపల ఉడికిపోయాడు. ఈ ఉడుకు తీరడానికి దాదాపు నూటయాభై ఏళ్లు పట్టింది. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన, మనం దోసె పెనాల మీద చూసే టెఫ్లాన్ ఉందే, ఆ పదార్థపు కడ్డీని వేడిచేసి నెమ్మదిగా సాగదీద్దామని చూశాడు. సాగదీసిన ప్రతిసారీ పుటుక్కున తెగింది. చిర్రెత్తుకొచ్చి ఒక్క గుంజు గుంజాడు. తెగకపోగా ఎన్నో రెట్లు సాగింది. అలా సాగిన పొర నిండా కంటికి ఆనని రంధ్రాలు. నీటిబొట్టు దూరలేనంత చిన్నవి, నీటి ఆవిరి సాఫీగా పోగలిగినంత పెద్దవి. శాస్త్రంలో కోపం పనికొచ్చిన సందర్భాలు తక్కువ, ఇదొకటి. అప్పటినుంచి జాకెట్లు ‘ఊపిరి తీసుకోవడం’ మొదలుపెట్టాయి.

ఈ ఊపిరికీ ఒక అంకె ఉంది. చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో కొలుస్తారు. కొలిచే పద్ధతులు నాలుగైదు ఉన్నాయి. గిన్నె నిలబెట్టి కొలిస్తే ఒక అంకె వస్తుంది, బోర్లించి కొలిస్తే అంతకన్నా పెద్దది వస్తుంది. పెట్టె మీద ఏది అచ్చువేస్తారో వేరే చెప్పాలా? పైగా ఆవిరి ఎటు పడితే అటు పోదు. తేమ ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది. జులైలో రాజ్‌మాచీ ఉన్న లోనావలా కొండల మీద వీచేది తడిబట్టను ఆరబెట్టే గాలి కాదు, తడిబట్టకు తమ్ముడు. జాకెట్ లోపల ఎంత తేమో బయటా దాదాపు అంతే. ఇక ఆవిరి ఎక్కడికని పోతుంది? మనిషి మీదే నీళ్లయి దిగుతుంది.

అదే జరిగింది. అరగంట ఎక్కేసరికి మావాడి మోచేతుల నుంచి ధార కట్టింది. అది వాననీళ్లు కాదు, సొంత సరుకు. జిప్పు తీస్తే వాన లోపలికి, మూస్తే చెమట లోపలే. పరువు కోసం మూసే ఉంచాడు. దారి చూపడానికి వచ్చిన ఊరి పెద్దాయన నిక్కరు, రబ్బరు చెప్పులు, నల్లగొడుగుతో ముందు నడుస్తూ, కందగడ్డలా ఎర్రబడ్డ ఆ మొహం చూసి ఆగాడట. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడట. గొడుగుకు హైడ్రోస్టాటిక్ హెడ్ ఎంతో ఆయన్ను అడగాలని మావాడికి తోచలేదు.

మన పక్క ఇంకా ఘనమైన నమూనాలున్నాయి. నాట్లప్పుడు యూరియా సంచి ఒక మూలను ఇంకో మూలలోకి దోపి, నెత్తిన కొప్పెర పెట్టుకుని ఆడవాళ్లు పొద్దంతా వానలో వంగే ఉంటారు. వీపు మీద వాన పడదు, ముందంతా గాలి ఆడుతుంది. ఇదే ఏదైనా కంపెనీ చేస్తే ‘ఫుల్ ఫ్రంట్ వెంటిలేషన్’ అని పేరుపెట్టి నెలవారీ వాయిదాల్లో అమ్మేది. తెలంగాణ గొర్రెలకాపరుల గొంగడి సంగతీ అంతే. తడిస్తే మోయలేని బరువు, వాసన గురించి మాట్లాడకపోవడం మంచిది, అయినా తడిసిన ఉన్ని కూడా వెచ్చగానే ఉంటుంది. కాపరికి కావలసింది ఆ వెచ్చదనమే, పొడిదనం కాదు. మావాడికి పొడిదనం కావాలి. వానకోసం వానలోకి వెళ్లి, ఒంటి మీద చుక్క పడకూడదంటాడు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమంటే ఇదే.

అలాగని జాకెట్ దండగ అనుకునేరు. హిమాలయాల్లో పూలలోయ చూసి, పక్కనే నాలుగు వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హేమకుండ్ సాహిబ్ గురుద్వారాకు ఎక్కేవాళ్లతో నేను వేళాకోళమాడను. అక్కడ ఆగస్టు వానకు చల్లగాలి తోడైతే తడిసిన మనిషి ఒంటి వేడి గబగబా జారిపోతుంది, వణుకుతో మొదలై మాట తడబడే దాకా పోతుంది. ఆ చలిలో లోపలి ఆవిరి బయటికి పోయే వీలూ ఎక్కువ, అంటే ఈ గుడ్డ పుట్టింది అలాంటి చోటు కోసమే. అక్కడికైతే మూడు పొరలది, చంకల కింద పొడవాటి జిప్పులున్నది, టోపీకి ముందు గట్టి అంచున్నది కొనండి, బేరం ఆడకండి. సహ్యాద్రికైతే గొడుగు, బ్యాగు లోపల ఓ పెద్ద చెత్తసంచి, అందులో మారుబట్టలు. ఒళ్లు ఎలాగూ తడుస్తుంది.

జాకెట్ గుడ్డ పైన నీళ్లు బొట్లు కట్టేలా చేసే పూత ఇంకొకటుంది. అది అరిగితే పైగుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కి, ఉన్న కాస్త ఊపిరీ ఆడనివ్వదు. ఎన్నో ఏళ్లు ఈ పూతకు వాడింది పీఫాస్ జాతి రసాయనాలను. అవి ఓ పట్టాన నశించవు. 2022లో స్టాక్‌హోమ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూస్తే అంటార్కిటికా, టిబెట్ వానల్లో, మంచులో కూడా ఇవి ఉన్నట్టు తేలింది. వాన నుంచి మనల్ని కాపాడబోయి వానలోనే కలిసిపోయాయి. కంపెనీలు ఇప్పుడు వేరే పూతల వైపు మళ్లుతున్నాయి. ఆ కొత్తవి త్వరగా అరుగుతాయి కాబట్టి తరచూ ఉతకాలి, ఉతికాక వేడి తగిలించాలి.

ఉతకడం మా అక్క చూసుకుంది. కొండ మీది చెమటకంపు భరించలేక మామూలు సబ్బుపొడి దండిగా వేసి, పైన మెత్తదనానికి వాడే వాసనద్రవం రెండు మూతలు పోసింది. లోపలి లేబుల్ మీద ఆ సీసా జోలికే పోవద్దని ఆరు భాషల్లో రాసి ఉంది, అందులో తెలుగు లేదు. “ఎంత మెత్తగా వచ్చిందో చూడరా” అని ఆవిడ చేతికిస్తే, మావాడు కుళాయి కింద పట్టి చూశాడు. ఇరవై వేల మిల్లీమీటర్ల మొనగాడు పైపంచెలా నీళ్లు తాగేశాడు.

మళ్లీ శుభ్రంగా జాడించి, పైన పల్చటి గుడ్డ పరిచి సన్నటి వేడితో ఇస్త్రీ చేస్తే పూత కొంతైనా తేరుకుంటుందని ఎక్కడో చదివాడు. వాడికి ఊహ తెలిశాక ఇస్త్రీపెట్టె పట్టుకోవడం అదే మొదలు. అక్క ఈ అదను మళ్లీ రాదని, పక్కన నాలుగు కాటన్ చీరలు తెచ్చిపెట్టింది.