ఒకటి నొక్కే బాబాయిగారు

మా వీధి బాబాయిగారు రిటైరై చాలాకాలమైంది గానీ, కార్పొరేషన్‌ని తిట్టే డ్యూటీకి మాత్రం రోజూ టంచనుగా హాజరవుతారు. తెల్లారి కుళాయిలో మొదటి బిందె ఎర్రగా వచ్చిందంటే, రెండో బిందె నిండేలోపు కమిషనర్ దగ్గర్నుంచి పారిశుధ్య మేస్త్రీ దాకా అందరినీ వరసపెట్టి కడిగేస్తారు.

"కాలవలో పూడిక తీశారయ్యా, కాదన్ను. తీసి ఎక్కడ పోశారు? గట్టుమీద! వాన పడింది. ఆ మట్టెక్కడికి పోయింది? మళ్ళీ కాలవలోకే! మళ్ళీ తీస్తారు, మళ్ళీ బిల్లు పెడతారు."

ఈ లెక్కలో తప్పు పట్టినవాడు ఇంతవరకు మా వీధిలో పుట్టలేదు. ఇండోర్ కబుర్లు కూడా ఆయన నోట వినాల్సిందే. 2017 నుంచి 2023 దాకా ఏటా శుభ్రతలో ఆ ఊరికి ఫస్టు ర్యాంకు రావడం వెనక రహస్యమంతా చెప్తారు. ఆయన ఇండోర్ వెళ్ళలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు అంత బాగా చెప్పలేరు.

ఇలాంటి మనిషిని అభిప్రాయం అడిగితే ఏమవుతుందో అని కార్పొరేషన్ వాళ్ళు హడలిపోవాలి కదా. పైగా అడగక తప్పని రోజులొచ్చాయి. 2016లో 73 నగరాలతో, ఆ ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ మొదలయ్యాక జనం మాటకి మార్కులొచ్చాయి. 2019లోనైతే మొత్తం 5000 మార్కుల్లో 1250 జనం చెప్పే మాటకే. మీ ఊరు ఈ పోటీలో ఉందని మీకు తెలుసా అనేది కూడా ఒక ప్రశ్నే. పేపరు మీద హాల్ టికెట్ నంబరు వేసినందుకు మార్కులిచ్చినట్టన్నమాట. ఎవరు పెట్టారో గానీ, దయగల మనిషి.

ఒక సాయంత్రం వార్డు సచివాలయం నుంచి శానిటేషన్ సెక్రటరీ అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. బాబాయిగారు బనీను మీద చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని గుమ్మంలోకొచ్చారు.

"చెత్తబండి రోజూ వస్తోందా బాబాయిగారూ?"

"ఎందుకు రాదమ్మా!"

"తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇస్తున్నారా?"

"ఎప్పట్నుంచో!"

లోపల పిన్నిగారు దగ్గారు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద ఇంటికి మూడు రంగుల బుట్టలిచ్చారు. వాళ్ళింట్లో నీలం బుట్టలో బియ్యం, ఆకుపచ్చ బుట్టలో ఇస్త్రీకిచ్చే బట్టలు ఉంటాయి. ప్రమాదకర వ్యర్థాలకని ఇచ్చిన ఎర్రబుట్టలో ఆవకాయకి ఆడించిన గుంటూరు కారం ఉంటుంది. దాన్ని మాత్రం నిబంధన ప్రకారమే వాడుతున్నారనుకోవచ్చు.

"మొత్తమ్మీద సంతృప్తేనాండీ?"

"పరమ సంతృప్తి. రాసుకో."

ఓటీపీ కూడా అడక్కుండానే చదివి వినిపించారు.

అమ్మాయి వెళ్ళాక, పొద్దున తిట్టిన తిట్లన్నీ ఏమయ్యాయని అడిగాను. ఆయన ఒక్కసారి పైకి చూశారు. డాబా మీద గది, దానిమీద రేకుల షెడ్డు. ప్లాన్‌లో రెండూ లేవు. అనుమతి లేని కట్టడాల్ని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే బీపీఎస్ వచ్చినప్పుడల్లా అర్జీ పెడదామనుకోవడం, గడువు దాటాక మళ్ళీ ఎప్పుడొస్తుందో అనుకోవడం.

"మన నంబరు వాళ్ళ దగ్గరుంటుందోయ్. అసంతృప్తి అన్నామనుకో, ఏం లోపం జరిగిందో చూద్దామని వస్తారు. వచ్చినవాళ్ళు కిందనే చూసిపోతారా?" కాసేపాగి, "అదీగాక, కాలవ తవ్వించింది ఆ పిల్లా ఏంటి? అసంతృప్తి అంటే మెమో దానికిస్తారు. పైవాడికెవడిస్తాడు?" అన్నారు.

ఈ రెండో కారణం ఆయన ఇంకెవరికీ చెప్పరు. నన్నడిగితే అసలు కారణం అదే. రేకుల షెడ్డు ఉత్త సాకు.

కౌన్సిల్ సమావేశంలో ఆ సర్వే నివేదిక పెట్టారు. నగర ప్రజలు సేవల పట్ల సంతృప్తిగా ఉన్నారని అధికారి చదివితే, ఒకవైపు బల్లలు చరిచారు, ఇంకోవైపు పోడియం చుట్టుముట్టారు. మర్నాడు పేపర్లో ఆ వార్త చూసి బాబాయిగారికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవడయ్యా ఆ సంతృప్తిపడినవాడు? ఏ వీధివాడు? తేల్చాల్సిందే!"

సోమవారం గ్రీవెన్స్‌కి స్వయంగా వెళ్ళి, సర్వే అంతా బూటకమని అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నారు. అర్జీ ఎన్ని బల్లలు తిరిగిందో గానీ చివరికి ఆ సచివాలయం అమ్మాయి చేతికే వచ్చింది. ఆమె వచ్చి, "విచారించాం బాబాయిగారూ, ఇక్కడ సంతకం పెట్టండి" అంది. పెట్టారు. కాఫీ ఇచ్చి పంపారు.

వారం తిరక్కుండా ఫోన్ మోగింది. మీ అర్జీ పరిష్కారం పట్ల మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, చెందకపోతే రెండు నొక్కండి అని రికార్డు చేసిన గొంతు. బాబాయిగారు కళ్ళజోడు సర్దుకుని, "ఒకటి ఎక్కడుందోయ్?" అని నన్నడిగారు.