బంతిని చూడకండి, కోచ్ కనిపిస్తాడు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక అసిస్టెంట్ కోచ్ పనితనం తేల్చాలంటే అందరూ రెండు లెక్కలు చూస్తారు. జట్టు ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది? అతను తెచ్చిన కుర్రాళ్లకు రిక్రూటింగ్ సైట్లు ఎన్ని నక్షత్రాలు ఇచ్చాయి? ఈ రెండూ పూర్తిగా పక్కన పెట్టమంటాను. కాస్త తగ్గించి చూడమనడం లేదు, అసలు చూడొద్దంటున్నాను. ఆట తెలిసినవాళ్లకు ఇది తలకిందుల సలహాలా తోస్తుంది. తోచనివ్వండి. ఓహయో స్టేట్‌లోనో టెక్సస్‌లోనో చదువుకుని ఆ జట్టుకు అభిమానులైపోయిన తెలుగువాళ్లను చూస్తుంటాను. శనివారం జట్టు ఓడితే ఆ రాత్రికే ఎవర్ని తీసేయాలో తేల్చేస్తారు. వాళ్లు ఇది చదవాలని నా కోరిక.

హెడ్ కోచ్ కింద ఒక్కో విభాగానికి ఒక అసిస్టెంట్ ఉంటాడు. క్వార్టర్‌బ్యాక్‌లకు ఒకరు, రిసీవర్లకు ఒకరు, అఫెన్సివ్ లైన్‌కు ఒకరు, ఇలా. ఆ విభాగాన్ని వాళ్ల భాషలో రూమ్ అంటారు. 2018 నుంచి పెద్ద జట్లకు ఇలాంటి కోచ్‌లు పదిమంది. 2024లో కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన సడలించి మిగతా సిబ్బందిని కూడా మైదానంలో నేర్పనిచ్చింది. ఊళ్లు తిరిగి పిల్లల్ని వెతికే హక్కు మాత్రం హెడ్ కోచ్‌కీ, ఇంకో పదిమందికీ మించి లేదు. అంటే అసిస్టెంట్‌ది ఒక జీతంలో రెండు ఉద్యోగాలు: పిల్లల్ని తేవడం, తెచ్చినవాళ్లకు నేర్పడం. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇల్లు వదిలి వచ్చేది చాలాసార్లు ఈ మనిషి మాట మీదే. వచ్చాక రోజూ గడిపేదీ ఇతని రూమ్‌లోనే. అందుకే ఇతణ్ణి ఎలా తూచాలన్నది నాకు చిన్న విషయంగా కనిపించదు.

మ్యాచ్ మొదలయ్యాక బంతిని చూడకండి. ఇది కష్టం, తెలుసు. స్నాప్ కాగానే కళ్లు క్వార్టర్‌బ్యాక్ వైపు పరుగెడతాయి. ఒక డ్రైవ్ మొత్తం వాటిని అఫెన్సివ్ లైన్‌లోని లెఫ్ట్ గార్డ్ మీద నిలపండి. మొదటి అడుగు ఎటు వేశాడు? చేతులు ఎదుటివాడి ఛాతీ మీద పడ్డాయా, భుజాల పక్కకి జారాయా? నడుము ఎంత కిందికి దించాడు? లైన్‌లో ఐదుగురి మొదటి అడుగూ ఒకేసారి, ఒకే కోణంలో పడితే అది పుట్టుకతో వచ్చిన బలం కాదు, ఎవరో కూర్చోబెట్టి, నిలబెట్టి నేర్పింది. రిసీవర్లను తూచాలంటే బంతి తమ వైపు రాదని తెలిసిన ప్లేలో ఎంత వేగంగా కదిలారో చూడండి. పక్కవాడు బంతితో పరుగెడుతుంటే డిఫెండర్‌ని అడ్డుకున్నారా, చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడ్డారా? టచ్‌డౌన్ తప్పిపోతుందంటారేమో, తప్పిపోనివ్వండి. దాన్ని టీవీలో మళ్లీ మళ్లీ చూపిస్తారు. లెఫ్ట్ గార్డ్‌ని ఎవరూ చూపించరు.

రికార్డు చేసుకునే వీలుంటే సెప్టెంబర్‌లో ఒక మ్యాచ్, నవంబర్‌లో ఒక మ్యాచ్ పక్కపక్కన పెట్టండి. అదే ఆటగాడు, అదే ప్లే. సెప్టెంబర్‌లో చేసిన తప్పు నవంబర్‌లోనూ ఉంటే ఆ రెండు నెలలూ ఆ రూమ్‌లో పాఠం జరగలేదన్నట్టే. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి పిల్లలతో పని చేయించకూడదని నిబంధన. ఆ 20 గంటల్లోనే ఫిల్మ్ చూడాలి, జిమ్ చేయాలి, జట్టు మొత్తం కలిసి ఆడాలి. పొజిషన్ కోచ్ తన పిల్లలతో విడిగా కాళ్లూ చేతులూ దిద్దుకునే సమయం ఒక ప్రాక్టీస్‌లో కొన్ని నిమిషాలే. ఆ కొన్ని నిమిషాలు ఏమయ్యాయో నవంబర్‌లో తెలుస్తుంది.

గెలుపోటములు ఎందుకు వద్దంటానంటే, 2023 అయోవా జట్టుని చూడండి. బంతి చేతిలో ఉన్నప్పుడు యార్డ్‌లు సాధించడంలో దేశంలోనే అట్టడుగు జట్టు. అయినా 10 మ్యాచ్‌లు గెలిచింది. గెలిపించింది డిఫెన్స్. స్కోరు చూసి మార్కులు వేస్తే ఆ ఏడాది అఫెన్స్ వైపు కోచ్‌లందరూ పాసైపోతారు. ఒకరి పాఠం మరొకరి ఖాతాలో పడిపోయే లెక్క అది.

డిఫెన్స్ నడిపినవాడు ఫిల్ పార్కర్. 1999 నుంచి అయోవాలో డిఫెన్సివ్ బ్యాక్‌లకు నేర్పుతున్నాడు, 2012లో డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. అతనికి వచ్చే పిల్లలు సాధారణంగా పెద్ద జట్లు ఎగబడే రకం కాదు. డెట్రాయిట్ నుంచి వచ్చిన డెస్మండ్ కింగ్‌ని పెద్ద జట్లు పట్టించుకోలేదు. 2015లో దేశంలో ఉత్తమ డిఫెన్సివ్ బ్యాక్‌కిచ్చే థార్ప్ అవార్డు అతనికే వచ్చింది. ఒడిబోల్ట్ అనే చిన్న ఊరి కూపర్ డిజీన్ హైస్కూల్‌లో క్వార్టర్‌బ్యాక్. పార్కర్ దగ్గర కార్నర్‌బ్యాక్ అయ్యాడు. 2024లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఈగల్స్ జట్టు రెండో రౌండ్‌లో తీసుకుంది. 2025 ఫిబ్రవరి 9న సూపర్ బౌల్‌లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ విసిరిన బంతిని అందుకుని 38 యార్డ్‌లు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ రోజు అతని 22వ పుట్టినరోజు. నన్నడిగితే నేర్పడమంటే ఇదే, తేవడమన్నా ఇదే. నక్షత్రాల పట్టికలో మాత్రం ఇది ఎప్పుడూ పైవరుసలో ఉండదు.

నక్షత్రాల సంగతి మన ఊళ్లలో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. పదో తరగతి టాపర్లను ఏరి ఒక సెక్షన్‌లో పోసి, రెండేళ్ల తర్వాత వాళ్ల ర్యాంకులతో పేపర్లలో పేజీ నిండా ప్రకటన వేసుకునే కాలేజీలను చూసే పెరిగాం. ఆ ప్రకటనలో చివరి సెక్షన్ ఫొటో ఉండదు. అయిదు నక్షత్రాల కుర్రాడు అయిదు నక్షత్రాల ఆట ఆడితే కోచ్‌కి మార్కులు వేయకండి. ఆ కుర్రాణ్ణి లెక్కలోంచే తీసేయండి. రూమ్‌లో అందరికన్నా తక్కువ పేరుతో వచ్చినవాణ్ణి వెతకండి, మార్కులు అక్కడ వేయండి.

ఓహయో స్టేట్ రిసీవర్ల కోచ్‌గా బ్రయన్ హార్ట్‌లైన్ తెచ్చుకున్న పేరు దేశమంతా తెలుసు. 2022 డ్రాఫ్ట్‌లో అతని శిష్యులు గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే 10, 11 స్థానాల్లో వెళ్లారు. 2024లో మార్విన్ హారిసన్ జూనియర్ నాలుగో స్థానంలో వెళ్లాడు. జనం విల్సన్, హారిసన్‌ల పేర్లు చెబుతారు. నేను ఒలావేని చూస్తాను. అతను మూడు నక్షత్రాల కుర్రాడు. ఓహయో స్టేట్ వాళ్లు కాలిఫోర్నియాలో అతను చదివే స్కూలుకి వెళ్లింది అక్కడి క్వార్టర్‌బ్యాక్‌ని చూద్దామని. ఒలావే అలా వెళ్లినప్పుడు కంటబడినవాడు. అతణ్ణి చూసింది హార్ట్‌లైన్ కాదు, అప్పట్లో అసిస్టెంట్‌గా ఉన్న రయన్ డే. కాబట్టి తెచ్చిన ఘనత డేకి, తీర్చిన ఘనత హార్ట్‌లైన్‌కి. ఈ రెంటినీ విడదీయకుండా కోచ్ గురించి ఒక్క మాట కూడా అనకండి.

అదే బడిలో డిఫెన్సివ్ లైన్ కోచ్ లారీ జాన్సన్‌ది ఇంకో తరహా. మేరీలాండ్‌లో హైస్కూల్ కోచ్‌గా పనిచేసి, 1996లో పెన్ స్టేట్‌కి, 2014లో ఓహయో స్టేట్‌కి వచ్చాడు. బోసా అన్నదమ్ములు, చేజ్ యంగ్ అతని చేతి కింద ఆడినవాళ్లే. నాకు నచ్చేది మాత్రం వాళ్లు కాదు. మ్యాచ్‌లో వంతులవారీగా చాలామందిని దింపుతాడని జాన్సన్‌కి పేరు. రెండో వరుస పిల్లల్ని కీలకమైన సమయంలో దింపే ధైర్యం వాళ్లకు నేర్పానన్న నమ్మకం ఉన్నవాడికే వస్తుంది.

అద్భుతం జరిగిన ఏడాది ఎవరికీ మార్కులు వేయకండి. ఇది చెబితే ఎల్‌ఎస్‌యూ అభిమానులు నా మీద పడతారు. 2018లో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో 57.8 శాతం పాస్‌లు అందించి 16 టచ్‌డౌన్లు వేయించాడు. 2019లో 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు. జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచింది. ఆ ఏడాదే న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ వచ్చాడు, ఉత్తమ అసిస్టెంట్‌కిచ్చే బ్రాయల్స్ అవార్డు తీసుకున్నాడు, సీజన్ అయిపోగానే కరోలినా పాంథర్స్‌కి వెళ్లిపోయాడు. మరి అఫెన్సివ్ కోఆర్డినేటర్ స్టీవ్ ఎన్స్‌మింగర్ బ్రేడీ కన్నా ముందునుంచీ అక్కడే ఉన్నాడు కదా? బంతి అందుకున్నవాళ్లు జస్టిన్ జెఫర్సన్, జమార్ ఛేజ్ కదా? బరో ఒక ఏడాది ముదిరాడు కదా? ఎవరి వంతు ఎంత అన్నది బయటివాళ్లెవరూ తేల్చలేరు. ఒక్క ఏడాది ఉండి వెళ్లిన కోచ్‌ని పొగడకండి, తిట్టకండి. ఖాళీ వదిలేయండి.

కోచ్ వెళ్లిపోయాక మాత్రం రెండు కళ్లూ తెరవండి. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021 నుంచి మొదటిసారి కాలేజీ మారినవాడు ఒక ఏడాది కూర్చోనక్కర్లేకుండా పోయింది. కోచ్ మారితే పిల్లలూ అతని వెంట మారడం మామూలైంది. వెంట వెళ్లినవాళ్లను చూసి ‘పిల్లలకు ఎంత ప్రేమో’ అంటారు. అది ప్రేమే, కాదనను. కానీ పాఠం ఉన్నదీ లేనిదీ చెప్పేది వెనక ఉండిపోయినవాళ్లు. కొత్త కోచ్ కింద కూడా వాళ్ల అడుగు చెదరకపోతే పాతవాడు నేర్పినట్టు. అతను వెళ్లిన మర్నాటి నుంచి గాడి తప్పితే అతను చేసింది ఉత్సాహపరచడమే.

పిల్లల్ని తేవడంలో నేర్పు చూడాలంటే సంతకం పెట్టినవాళ్లను వదిలేసి, పెట్టనివాళ్లను కనుక్కోండి. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025 జూలై 1 నుంచి యూనివర్సిటీలే నేరుగా వాటా ఇస్తున్నాయి, మొదటి ఏడాది అన్ని క్రీడలకూ కలిపి ఒక్కో బడికి 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. ఇప్పుడొక కుర్రాడు వచ్చాడంటే కోచ్ మాటకు వచ్చాడా, డబ్బుకు వచ్చాడా, చెప్పడం కష్టం. డబ్బుకు రావడం తప్పని అనను, వాళ్ల ఒళ్లు వాళ్లది. కాకపోతే ఆ సంతకం కోచ్ నేర్పుకి సాక్ష్యం కాదు. వేరే బడికి వెళ్లిపోయిన కుర్రాడి తల్లి ఈ కోచ్ గురించి మంచి మాట చెబితే అది సాక్ష్యం. రెండేళ్లకు ఆ పిల్లాడు పోర్టల్‌లోకి వస్తే ముందు ఎవరికి ఫోన్ చేస్తాడో ఆ మాటని బట్టే ఉంటుంది.

హైస్కూల్ కోచ్‌లను అడగండి. టెక్సస్‌లో అయితే వీళ్ల మాటకు ఎదురులేదు. ఏటా జూలైలో టెక్సస్ హైస్కూల్ కోచ్‌ల సంఘం కోచింగ్ స్కూల్ పెడుతుంది. అక్కడ ఏ కాలేజీ అసిస్టెంట్ ఎలాంటివాడో దాపరికం లేకుండా మాట్లాడుకుంటారు. అడగాల్సింది ఒక్కటే: మీ స్కూల్లో తీసుకోదగ్గ పిల్లాడు ఒక్కడూ లేని ఏడాది అతను వచ్చాడా? వచ్చినవాడు మనుషుల్ని నమ్ముకున్నవాడు. పెద్ద పేరున్న కుర్రాడు ఉన్నప్పుడే కనిపించేవాడు సరుకు కొనడానికి వచ్చినవాడు.

క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ కథ ప్రతి రిక్రూటర్ గుర్తు పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో పొలాల మధ్య ఫైర్‌బా ఊరి కుర్రాడు. దగ్గర్లోని ఫ్రెస్నో స్టేట్ అతనికి చిన్నప్పటి నుంచి ఇష్టమైన జట్టు. వాళ్లు ఆఫర్ ఇవ్వలేదు. రీడ్లీ అనే రెండేళ్ల కాలేజీలో ఆడుతూ దేశంలోని కోచ్‌లకు మెయిళ్లు పంపుకున్నాడు. చివరికి తీసుకున్నది వ్యోమింగ్. 2018 డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో బఫలో బిల్స్‌కి వెళ్లాడు. అందరూ పోగొట్టుకున్నారు కాబట్టి ఎవరిదీ తప్పు కాదంటారు. ఒప్పుకోను. తన ప్రాంతంలో పెరిగిన పిల్లాణ్ణి స్వయంగా వెళ్లి చూడని ప్రతి కోచ్‌దీ తప్పే. ఎవాల్యుయేషన్ పీరియడ్ అని కాలం కేటాయించేది స్కూళ్లకు వెళ్లి కళ్లతో చూడమనే. ఫోన్లో క్లిప్పింగులు చూసి సరిపెట్టుకోమని కాదు.

డాలస్ శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, శుక్రవారం రాత్రి హైస్కూల్ మైదానాలూ వాళ్ల ఇళ్లకు దగ్గరే. మీ అబ్బాయిని ఎవరైనా కాలేజీకి విజిట్‌కు పిలిస్తే, వాళ్లు చూపించే లాకర్ రూమ్, జెర్సీ, ఫొటోల దగ్గర ఎక్కువసేపు ఆగకండి. మీ వాడి పొజిషన్‌లో డెప్త్ చార్ట్‌లో మూడో వరుసలో ఉన్న కుర్రాడితో అరగంట ఒంటరిగా మాట్లాడనివ్వమని అడగండి. మ్యాచ్‌లో దిగని ఆ కుర్రాడు తన కోచ్ ఈ నెలలో తనకు ఏం దిద్దాడో చెప్పగలిగితే మీ అబ్బాయిని పంపండి. చెప్పలేకపోతే, ఆ మాటకి కోచ్ మొహం చిట్లిస్తే, జట్టు జాతీయ విజేతే అయినా పంపకండి.

ఒక అసిస్టెంట్‌కి మూడేళ్లు ఇవ్వాలి. తను తెచ్చిన పిల్లలు తన చేతుల్లో ఎదగడానికి అంత కాలం పడుతుంది. ఆ మూడేళ్లలో తీసేయమని సంతకాలు సేకరించకండి, జీతం పెంచమనీ అడగకండి. నాలుగో ఏడు రెండో వరుస లెఫ్ట్ గార్డ్ ఇంకా నిటారుగా లేచి నిలబడుతుంటే మాత్రం మొహమాటం వద్దు. జట్టు గెలుస్తున్నా సరే, తీసేయమనండి.