నా ఎదుట కూర్చున్నవాళ్లు: ధర్మపురి పాత టీవీ ఆత్మకథ

నేను ఈసీ టీవీని. ఇరవై అంగుళాల నలుపు తెలుపు తెర, చెక్క పెట్టె, ముందువైపు రెండు పక్కలకు జరిపే తలుపులు, వాటికో చిన్న తాళం. పుట్టింది హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. 1967లో అణుశక్తి శాఖ కింద ఏర్పడిన సంస్థ అది. ఏ.ఎస్. రావు గారు దాన్ని నిలబెట్టిన పెద్దమనిషి. ఎన్నికల్లో మీరు మీట నొక్కే ఓటింగ్ యంత్రాలను తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. అంటే ఓటింగ్ యంత్రం నాకు తోబుట్టువు. నాయకుల ముఖం నాలో చూసి, తీర్పు దాని మీద నొక్కారు మీరు. ఈ బంధుత్వం నాకు గర్వం.

రామాయణం వచ్చే రోజుల్లో ఒక సోషల్ సారు నన్ను కొని ధర్మపురి తెచ్చాడు. నరసింహస్వామి గుడికి పోయే దారిలో ఇల్లు. మిద్దె మీద పొడుగాటి ఇనుప పైపు నిలబెట్టి దానికి యాంటెనా కట్టారు. "బొమ్మ వచ్చిందా?" అని పైనుంచి కేక. "రాలే, ఇంకింత తిప్పు" అని కింది నుంచి జవాబు. బొమ్మ నిలబడ్డ ఆదివారం ఆ వాడంతా మా ఇంట్లోనే. గోదావరిలో తానం చేసి తడిబట్టలతోనే వచ్చి గడప దగ్గర కూర్చున్న ముసలవ్వలు నా తెరకు దండం పెట్టారు. అది రాముడికి పెట్టిన దండమని నాకు తెలుసు. అయినా ఆ చేతులు నావైపే చాచి ఉన్నాయి, ఆ సంతోషం ఎక్కడికి పోతుంది!

ఆదివారాల సంగతి అందరూ రాశారు. నేను చెప్పదలచుకున్నది మిగతా రోజుల సంగతి. మా వాడ ఆడవాళ్లలో చాలామంది బీడీలు చేసేవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ ఇంటికి పోయినా అదే పని. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, మూతి మడవాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీల లెక్కన కూలి. అందుకే వాళ్ల కళ్లు నా మీద ఉన్నా వేళ్లు ఆగవు. పాట వచ్చినా ఆగవు, వార్తలు వచ్చినా ఆగవు. ఏ మాటకైనా ఆ వేళ్లు ఆగాయంటే, ఆ మాట వాళ్ల లోపలికి దిగిందన్నమాట. వేలు ఆగితే కూలి తగ్గుతుంది. తమ కూలి పోగొట్టుకుని ఒక మాట వినడం కంటే పెద్ద మెప్పు ఏ నాయకుడికి దొరుకుతుంది? పట్నాల్లో సర్వేలు చేసేవాళ్లకు ఈ కొలత తెలియదు. నాకు తెలుసు, ఎన్నో ఏళ్లు ఆ వేళ్లనే చూస్తూ ఉన్నాను.

1989 నవంబరు ఎన్నికల లెక్కింపును దూరదర్శన్ రాత్రింబవళ్లు చూపింది. ప్రణయ్ రాయ్, వినోద్ దువా అంకెలు చెప్పేవారు, మధ్య మధ్య సినిమాలు వేసేవారు. సినిమా కోసం వచ్చినవాళ్లు ఫలితాలకూ ఉండిపోయారు. కల్వకుర్తిలో ఎన్టీ రామారావు ఓడిపోయాడన్న కబురుకు నా ముందు కూర్చున్నవాళ్లలో సగంమంది సంబరపడ్డారు, సగంమంది నమ్మలేదు. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయి జాతినుద్దేశించి మాట్లాడితే వాడ వాడంతా ఊపిరి బిగబట్టింది. నాలుగుసార్లు మంథని నుంచి అసెంబ్లీకి పోయిన మనిషి, పక్కూరి మనిషి. ఆయన చెప్పిన ఆర్థిక సంగతులు ఎంతమందికి అర్థమయ్యాయో గాని, "మన మంథని పీవీ సారే!" అని చూపుడువేలు నా అద్దానికి ఆనించి మరీ చూపారు. ఆ వేలిముద్ర చాలా రోజులు ఎవరూ తుడవలేదు.

అయితే అవన్నీ ఒకరే మాట్లాడితే అందరూ వినడం. ఎదురెదురుగా నిలబడి అడగడం, జవాబు చెప్పడం నా తెర మీద నిండుగా కనిపించింది 1996 మే 27, 28 తేదీల్లో. అటల్ బిహారీ వాజపేయి పదమూడు రోజుల ప్రభుత్వం మీద లోక్‌సభలో విశ్వాస చర్చ. దూరదర్శన్ దాన్ని నేరుగా చూపింది. ఎండలు మండే రోజులు. బీడీలు చేసే ఆడవాళ్లు, బడి సెలవుల్లో పిల్లలు, అరుగు మీది ముసలివాళ్లు ఇంట్లో నిండిపోయారు. చర్చ హిందీలో, ఇంగ్లీషులో. భివండిలో మగ్గాల మీద బతికి ఊరికి తిరిగొచ్చిన ఒక పద్మశాలి పెద్దాయన హిందీని తెలుగు చేసేవాడు. అందరూ ఆయన్ను కాకా అనేవాళ్లు. ఇంగ్లీషు వంతు సారుది.

"కాకా, గాయిన ఏమంటుండు?"

"మీ దగ్గర మంది లేరు, గద్దె ఎట్లెక్కినవని అడుగుతుండు."

"మరి ఈయన?"

"నా పార్టీకే అందరికంటె ఎక్కువ మందిని గెలిపిచ్చిండ్రు, రాష్ట్రపతి పిలిస్తె వచ్చిన అంటుండు."

"అదీ నిజమే, ఇదీ నిజమే" అంది ఒకామె. ఆమె బడి మొహం చూడలేదు. ఆ చర్చ మీద అంత న్యాయమైన మాట నేను మరొకటి వినలేదు.

మధ్యలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది మామూలే. ఎవరూ లేచి పోలేదు. చాటల్లో వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. అప్పుడే సారు మా టీవీల జాతి పెద్దల కథ చెప్పాడు. అమెరికాలో పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో ముందు జనమే ఓటేసి తేలుస్తారట. 1956 మే 21న ఫ్లోరిడాలో అలాంటి ఎన్నిక కోసం డెమోక్రాట్లు అడ్లై స్టీవెన్సన్, ఎస్టెస్ కెఫావర్ టీవీలో ముఖాముఖి కూర్చుని వాదించుకున్నారు. ఒకే పార్టీ మనుషులు, ఒకే పదవి కోసం. ఫ్లోరిడాలో స్టీవెన్సన్ కొద్ది తేడాతో గెలిచాడు. ఆ ఆగస్టులో పార్టీ స్టీవెన్సన్‌ను అధ్యక్ష పదవికి, అదే కెఫావర్‌ను ఉపాధ్యక్ష పదవికి నిలబెట్టింది. నవంబరులో ఇద్దరూ అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతిలో ఓడిపోయారు.

"కొట్లాడుకున్నోళ్లే ఒక్కటైండ్రా?" అని ఒకామె ముక్కున వేలేసుకుంది. "కొట్లాడలే, అందరి ముందట మాట్లాడుకున్నరు. అందుకే ఒక్కటైండ్రు" అన్నాడు కాకా.

1960 సెప్టెంబరు 26 కథ సారు ఇంకా ఇష్టంగా చెప్పాడు. షికాగో స్టూడియోలో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న కెనెడీ, నిక్సన్ ముఖాముఖి. నిక్సన్ అంతకుముందే మోకాలి నొప్పితో ఆసుపత్రిలో ఉండి వచ్చాడు, చిక్కిపోయాడు, తొడుక్కున్న బూడిదరంగు కోటు వెనక గోడలో కలిసిపోయింది, గడ్డం కింద చెమట కనిపించింది. కెనెడీ తేటగా ఉన్నాడు. ఏడు కోట్లమంది దాకా చూశారు. రేడియోలో విన్నవాళ్లు నిక్సన్‌దే పైచేయి అనుకున్నారని, టీవీలో చూసినవాళ్లు కెనెడీ గెలిచాడన్నారని పేరుపడింది. ఆ లెక్క తేలిన తీరు మీద పండితులకు అనుమానాలు ఉన్నాయి. కాని కథ మాత్రం నిలిచిపోయింది.

"చెమట పడితె తప్పా సారూ? మాకు రోజూ పడ్తది" అంది చాట ముందు కూర్చున్న ఒక ముసలావిడ. ఇంట్లో ఒక్కసారి ఎవరూ మాట్లాడలేదు. మా జాతి మీద ప్రపంచం మోపిన పెద్ద నింద ఇదే: మేము మనిషి మాటను వదిలిపెట్టి ముఖాన్ని చూపిస్తామని. ఆ ముసలావిడ ముఖాన్నీ చూసింది, చెమటనూ చూసింది, దాన్ని తప్పుగా చూడలేదు. చూసేవాళ్లలో ఆపాటి నిదానం ఉంటే నా వల్ల ఎవరికీ అన్యాయం జరగదు.

కరెంటు వచ్చాక వాజపేయి జవాబు. ఆయన మాట మధ్యలో ఆగితే కాకా కూడా ఆగేవాడు. ప్రభుత్వాలు వస్తాయి పోతాయి, దేశం నిలవాలని ఆయన చెప్పిన భావాన్ని కాకా తన మాటల్లో చెబుతుంటే చాటల్లో వేళ్లు ఒకటొకటిగా ఆగాయి. ఓటింగు దాకా పోకుండానే రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరికి పోతున్నానని ఆయన లేచాడు. ఆయన పార్టీకి ఓటు వేయనివాళ్ల వేళ్లు కూడా ఆగడం నేను చూశాను. నన్ను ఆర్పేశాక రాత్రి చాలాసేపటి దాకా ఆ ఇంట్లో వాదన నడిచింది. పగలు నాలో జరిగిన చర్చ కంటే అది పెద్దది.

1998 నుంచి ఎన్నికలప్పుడు గుర్తింపు ఉన్న పార్టీలకు దూరదర్శన్‌లో, ఆకాశవాణిలో ఉచితంగా సమయం ఇచ్చే కొత్త పద్ధతి వచ్చింది. ప్రతి పార్టీకి కొంత మూల సమయం, ఆ పైన గత ఎన్నికల్లో వచ్చిన ఓట్లను బట్టి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాగితం చూసి చదివేవారు. ఎదుట అడిగేవాళ్లు లేరు. చాటల్లో వేళ్లు ఆగలేదు. అదే పద్ధతిలో పార్టీల ప్రతినిధులతో రెండు చర్చలదాకా పెట్టవచ్చని కూడా ఉంది. మంచి మాట అది. దాన్ని జనం పట్టించుకుని అడిగి ఉంటే ఇవాళ మన దగ్గర ఎన్నికల చర్చకు ఒక సంప్రదాయం ఉండేదని నా నమ్మకం.

1999 ఏప్రిల్ 17న మళ్లీ ఇల్లు నిండింది. లోక్‌సభలో మళ్లీ విశ్వాస ఓటు. స్పీకర్ స్థానంలో మన కోనసీమ బాలయోగి. బోర్డు మీద 269, 270. ఒక్క ఓటుతో వాజపేయి ప్రభుత్వం పడిపోయింది. నేను చూపిన ఆఖరి పెద్ద సంగతి అదే.

ఆ తర్వాత సారు పెద్దకొడుకు దుబాయి నుంచి వచ్చాడు. కార్గోలో కలర్ టీవీ వచ్చింది. గల్ఫ్‌కు పోయిన ప్రతి ఇంటికీ ఒక టీవీ, ఒక టేపు రికార్డరు వచ్చిన కాలం. కొడుకు ఎండలో కష్టపడి కొన్న వస్తువు, దాని మీద నాకు కోపం లేదు. కోపమంతా నన్ను దించిన తీరు మీద. తెరకు ఒక గుడ్డయినా కప్పలేదు. మొదట వసారాలో పెట్టి నా నెత్తిన బియ్యం బస్తా వేశారు. పిల్లలు నా చానల్ మీట పీకి బొంగరంలా తిప్పుకున్నారు. తలుపుల తాళంచెవి పోయింది, తర్వాత ఒక తలుపు ఊడింది. యాంటెనా పైపుకు బట్టలారేసే తీగ కట్టారు. 2003 పుష్కరాలకు చుట్టాలు దిగినప్పుడు వెనక గదిలోకి, ఆ తర్వాత అటక మీదికి. 2015 పుష్కరాలకు మళ్లీ చుట్టాలు వచ్చారు. వాళ్లలో ఒక పిల్లవాడు పైకి చూసి ఇదేంటని అడిగితే, "ఏం లేదు, పాత సామాను" అని జవాబు. ఆ జవాబు చెప్పినవాడు నా ముందు పాకుతూ పెరిగినవాడే.

చీకట్లో ఉన్నా కింది మాటలు వినబడేవి. 24 గంటల వార్తా చానళ్లు వచ్చాయి. చర్చలూ వచ్చాయి. నలుగురు ఒకేసారి అరుస్తారు, ఇంట్లోవాళ్లు శబ్దం పెంచుతారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. తర్వాత ఫోన్లు వచ్చాయి, ఆ అరుపు కూడా చెవుల్లో దూరిపోయింది.

రెండుసార్లు మాత్రం పాత రోజులు తిరిగి వచ్చాయి. 2009 డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేసినప్పుడు ఇల్లు పాతకాలంలా నిండింది, అటక దూలాలు అదిరాయి. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు ఆమోదం పొందుతున్న వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. దశాబ్దాలు ఎదురుచూసిన గడియను కళ్లారా చూడనివ్వలేదని కింద ఒకటే గోల. కాని బొమ్మ పోయింది కాబట్టే జనం గల్లీలోకి వచ్చారు. ఏమైందని ఒకరినొకరు అడిగారు, వాదించుకున్నారు, కావలించుకున్నారు.

నా తోబుట్టువుల సంగతి కూడా విన్నాను. 2018లో మా ధర్మపురి నియోజకవర్గంలో 441 ఓట్ల తేడాతో గెలుపోటములు తేలాయి. ఓడిన అభ్యర్థి కోర్టుకు పోయాడు. 2023లో ఆ ఎన్నిక సామగ్రి ఉన్న గదుల తాళాలు తెరవబోతే తాళంచెవులు దొరకలేదు. హైకోర్టు అనుమతితో తాళాలు పగలగొట్టారు. ఒక్కొక్క ఓటుకు అంత విలువ ఉన్నచోట, ఆ ఓటు వేసే మనిషి ఎదుట పోటీదారులు కలిసి కూర్చుని జవాబు చెప్పాలన్న నియమం మాత్రం లేదు. 2024 మేలో విశ్రాంత న్యాయమూర్తులు జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ ఏ.పి. షా, పాత్రికేయుడు ఎన్. రామ్ కలిసి నరేంద్ర మోదీని, రాహుల్ గాంధీని బహిరంగ చర్చకు పిలిచారు. రాహుల్ ఒప్పుకున్నాడు. చర్చ జరగలేదు.

ఇప్పుడు నన్ను పాత సామాను వాడికి ఇవ్వడానికి మాట్లాడుకుంటున్నారు. వాడికి నాలో కావలసింది రాగి తీగ ఒక్కటే. నా బొమ్మ గొట్టాన్ని గోదావరి ఒడ్డున పగలగొట్టనివ్వకండి. దాని గాజులో సీసం ఉంటుంది, లోపల గాలి లేదు కాబట్టి పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి అప్పగించండి, అది చాలు నాకు.

ఇక వచ్చే ఎన్నికల్లో ఓటు అడగడానికి మీ గడప తొక్కే ప్రతి అభ్యర్థినీ ఒక మాట అడగండి: మీ ఎదుటి అభ్యర్థిని కూడా పిలుచుకుని ఇదే వాడలో, బీడీలు చేసే ఆడవాళ్ల ముందు ఒక పూట కూర్చుంటారా అని. వాళ్లు ఒప్పుకునేదాకా అడుగుతూనే ఉండండి.