మాఘమాసానికి గిట్టుబాటు కాని సలహాలు

మాఘం వచ్చిందంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో మనిషికి ఊపిరి సలపదు. పెళ్లి ముహూర్తాలన్నీ ఈ నెల మీదే పడతాయి. అలంపూర్‌లో శుద్ధ పాడ్యమికి జోగులాంబ అమ్మవారి బ్రహ్మోత్సవాలు మొదలై పంచమి దాకా సాగుతాయి. నెలాఖరున శివరాత్రి. సరిగ్గా ఆ రోజుల్లోనే మిరప కోతలు, కల్లంలో ఎండబోసిన కాయకు రాత్రి కాపలా. ఇంతలో ఒకరింట్లో పురుడు, ఇంకొకరింట్లో చావు, గట్టు కాడ అన్నదమ్ముల తగువు. ఈ నెలను నెట్టుకురావడానికి తెలివైన మాటలు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. పిలిచిన చోటికే పో. ముఖం చూపించి వచ్చెయ్. వాళ్లెంత పెట్టారో చూసుకుని అంతే పెట్టు. ఎవరికీ బాకీ పడకు, ఎవరినీ ఇబ్బంది పెట్టకు. ఈ మాటలు వింటే డబ్బూ మిగులుతుంది, పొద్దూ మిగులుతుంది. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. వీటివల్ల ఖర్చు, అలసట, ఒక్కోసారి మాట పడటం కూడా. అయినా ఇవే చెయ్యమంటాను.

ఒకే రోజు పెళ్లీ చావూ వస్తే ముందు మట్టికి పొండి. శుభానికి పోతూ అశుభం మొహం చూడటమేందని ఇంట్లోవాళ్లు అడ్డం పడతారు. పెళ్లింట్లో మీరు లేని లోటును వందమంది తీరుస్తారు. పాడె మొయ్యడానికి నలుగురు కావాలి, ఐదో మనిషి ఉంటే భుజం మార్చుకోవచ్చు. మట్టి చేసి, తలమీద నీళ్లు పోసుకుని, సాయంత్రానికి పెళ్లింటికి పోతే చాలావరకు ఎవరూ కాదనరు. కాదన్నా ఆ పూట భోజనమే పోతుంది.

దానికంటే పెద్ద పని పెద్దకర్మ అయిపోయిన మర్నాడు వెళ్లడం. దినాలు గడిచాక పరామర్శ ఏమిటి, మరిచిపోతున్నవాళ్లను మళ్లీ ఏడిపించడమే కదా అంటారు. ఆ ఇంటిని ఒకసారి చూడండి. టెంటు వాళ్లు కుర్చీలు లెక్కపెట్టుకుని ఎత్తుకుపోయారు. హైదరాబాదులో ఉండే కొడుకు సెలవు అయిపోయి రాత్రి బస్సెక్కాడు. గోడకు కొత్త ఫొటో, దాని దండ ఇంకా పూర్తిగా వాడలేదు. కిటికీ గూట్లో సగం వాడిన బీపీ బిళ్లల అట్ట అట్లాగే ఉంది, పారెయ్యడానికి ఆ ఇంటి పెద్దమ్మకు చెయ్యి రావడం లేదు. ఇన్ని రోజులూ వచ్చినవాళ్లకు చాపలు పరిచి, టీలు పోసిన మనిషి ఇప్పుడే మొదటిసారి ఒంటరిగా కూర్చుంది. ఆ పొద్దు వెళ్లండి. ఆ సంగతి ఎత్తొద్దని ఎవరు చెప్పినా వినకండి. "ఆఖరుకు ఏం తిన్నాడు పెద్దమ్మా? నీతో ఏమన్నా మాట్లాడినాడా?" అని అడగండి. చెబుతుంది. ఏడుస్తుంది. ఏడ్చి, లేచి, మీకు రొట్టె పెడుతుంది. తినకుండా రావద్దు. మంగళవారం, శుక్రవారం, మైల, వర్జ్యం అని చూస్తూ కూర్చుంటే ఆ ఇంటికి వెళ్లే రోజు దొరకదు.

ఇక చదివింపులు. పందిట్లో ఓ పక్క బల్ల వేసుకుని ఇద్దరు కూర్చుంటారు. ఒకరు కవరు విప్పి లెక్కపెట్టి చెబితే, ఇంకొకరు పొడుగు పుస్తకంలో ఊరు, ఇంటిపేరు, మొత్తం రాస్తారు. మైకులో చదివేవాళ్లూ ఉన్నారు. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలో పట్టుచీరల కిందికి చేరుతుంది. ఏళ్ల తర్వాత అవతలివాళ్ల ఇంట్లో పెళ్లి కుదిరితే దాన్ని బయటికి తీసి, పేరు మీద పేరు వేలు జరుపుతూ వెదుకుతారు. "వాళ్లు మనకెంత రాయించినారు?" ఐదువందల పదహార్లని ఉంటే తిరిగి అంతే. ఈ పద్ధతిని నేను తప్పు పట్టను. ఖర్చు నెత్తిన పడిన ఇంటికి ఊరంతా కలిసి వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు అది. చిక్కంతా సమానంగా తీర్చడం దగ్గరే. సమానంగా తీరిపోయిన ఖాతా మూసుకుపోతుంది, ఇక ఆ గడప తొక్కాల్సిన పని ఉండదు. అందుకని ఎక్కువో తక్కువో పెట్టండి, లెక్క సరిపోనివ్వకండి.

చేతిలో ఏమీ లేకపోతే వట్టి చేతులతోనే వెళ్లండి. మిరప ధర పడిపోయిన ఏడాది, గుంటూరుకో మలక్‌పేటకో తోలిన సరుకు బండి కిరాయికీ కూలీకీ సరిపోయిన ఏడాది, కవరులో పెట్టడానికి లేక మొహం చాటేసే మేనమామలు ఉంటారు. చేతుల మీద ఎత్తుకుని పీటల మీదికి తేవాల్సిన మనిషి రాలేదన్నది ఆ పిల్లకు జీవితాంతం గుర్తుంటుంది. ఎవరి కవరులో ఎంత ఉందో వారం తిరక్కుండానే మరిచిపోతుంది. వెళ్లి, తువ్వాలు నడుముకు చుట్టి వడ్డనకు దిగండి. పెళ్లి చేసేవాళ్లకూ ఒక మాట: ఆ పుస్తకంలో చివరి రెండు పేజీలు ఖాళీ పెట్టించండి. వడ్డించినవాళ్లు, రాత్రంతా పొయ్యి కాడ నిలబడ్డవాళ్లు, తెల్లారుజామున కర్నూలుకు బండేసుకుని పోయి పూలు తెచ్చినవాళ్లు, వాళ్ల పేర్లు కూడా రాయించండి. మీరు తీర్చలేని బాకీ అదే.

తోబుట్టువు అప్పు అడిగితే నోటు రాయించుకోవద్దు, నూటికి రెండు రూపాయలని వడ్డీ కట్టొద్దు. పోయినా మీ ఇల్లు గడిచేంత మాత్రమే ఇవ్వండి.

ఒడిబియ్యం సంగతి నన్ను ఎప్పటినుంచో బాధిస్తోంది. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ సిద్ధంగా ఉంటాయి. కూతురు పీట మీద కూర్చుని కొంగు పట్టి ఉంటుంది. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి దోసిళ్లతో పోస్తారు. ఆ బియ్యం ఏరింది, పసుపు కలిపింది, కుడుకలు కొని తెచ్చింది తల్లి. భర్త పోయాడని ఆమె వంటింటి గడప దగ్గరే నిలబడుతుంది, ఆమె బదులు పిన్నమ్మ పోస్తుంది. నా సలహా, మొదటి దోసిలి ఆ తల్లి చేత పోయించండి. పెద్దవాళ్లు లేచి నిలబడి అరిష్టం అంటారు. అలంపూర్ వాళ్లకు దీనికి జవాబు వెదుక్కోవాల్సిన పనిలేదు. ఏటా వసంత పంచమి నాడు జోగులాంబ నిజరూపాన్ని చూడటానికే కదా జనం వరసల్లో నిలబడేది! ఆ తల్లి శవం మీద కూర్చుంటుంది. జుట్టులో తేలు, బల్లి, పుర్రె. ఇల్లు పాడైందనడానికి మనం చెప్పుకునే గుర్తులన్నీ నెత్తిన పెట్టుకున్న అమ్మకు మొక్కి, పసుపు కుంకుమలు తెచ్చుకుని, ఇంటికొచ్చి కన్నతల్లి చేతిని అశుభం అనడం న్యాయం కాదు. ఈ ఒక్క సలహా పాటించినా ఈ వ్యాసం రాసిన పని నెరవేరినట్టే అనుకుంటాను.

పిలుపుల విషయానికి వస్తే, మీ ఇంటి శుభకార్యానికి ముందుగా పిలవాల్సింది మీతో మాటలు లేనివాళ్లను. ఫోనులో పత్రిక పంపితే సరిపోదు. కోతకు కూలీలు దొరికిన రోజు పని వదులుకుని అయినా సరే, ఆలుమగలిద్దరూ పోయి బొట్టు పెట్టి చెప్పండి. గట్టు తగువు సంగతి మాత్రం ఆ రోజు తేల్చబోవద్దు. అది మండలాఫీసులో ఉంటే అక్కడే ఉండనివ్వండి. తగువు తెగాకే పిలుద్దామనుకుంటే ఈలోపు పిల్లల పెళ్లిళ్లు, పెద్దల దినాలు అన్నీ అయిపోతాయి. అవతలివాళ్లు పిలవకపోయినా మీరు వెళ్లండి. గుమ్మంలో ఎవరైనా "ఎట్లా వచ్చినావు మామా?" అంటే, "నా బిడ్డ పెళ్లికి నేను రాకుంటే ఎట్లా?" అనండి.

వెళ్లినవాళ్లు రాత్రికి ఉండిపోండి. హైవే వచ్చాక అలంపూర్ చౌరస్తా దాకా పోతే కర్నూలు ఎంతసేపు, హైదరాబాదుకైనా తెల్లారేలోపు చేరిపోవచ్చు. భోజనం చేసి చెయ్యి తుడుచుకుంటూనే కారెక్కుతున్నారు. అసలు మాటలు బంతులు ముగిసి, చాపలు పరిచాకే మొదలవుతాయి. ఎవరి కిడ్నీ పాడైంది, ఎవరి కొడుకు చదువు మానేశాడు, ఎవరి కూతురు అత్తింట్లో ఏడుస్తోంది, ఇవేవీ పందిట్లో ఎవరూ చెప్పరు. ఈ ప్రాంతానికి ఈ రాత్రులు మరీ అవసరం. శ్రీశైలం జలాశయంలో కూడవెల్లి మునుగుతుందని అక్కడి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చారు. ఏ రాయి పక్కన ఏ రాయి ఉండేదో అదే వరసలో మళ్లీ నిలబెట్టారు. మునిగిన ఊళ్ల మనుషులను మాత్రం ఆ వరసలో ఎవరూ పెట్టలేదు. పక్క గోడ ఇళ్లవాళ్లు తలో దిక్కు పోయారు. 2014 తర్వాత తుంగభద్రకు అవతల ఉన్నవాళ్లది వేరే రాష్ట్రమైంది. వాళ్లందరూ ఒక్కచోట కనిపించేది ఒక పెళ్లిలోనో, ఒక చావులోనో. ఆ ఒక్క రాత్రిని కూడా కోసేసుకోవద్దు.

చివరగా, మనుషులను ఇబ్బంది పెట్టండి. పక్కింట్లో పెద్ద గుండిగ అడగండి, కిరాయికి దొరుకుతుందని ఊరుకోవద్దు. దూరపు బావ బండి అడగండి. బ్రహ్మోత్సవాలకు వచ్చిన చుట్టాలను లాడ్జిలో కాకుండా తలో ఇంట్లో సర్దండి. మొగులు కమ్మితే కల్లం మీద పట్టా కప్పమని ఎదురింటి కుర్రాడికి ఫోన్ చెయ్యండి, రేపు వాడూ మీకు చేస్తాడు. చేయి చాచడం చిన్నతనమని ఈ మధ్య చాలామంది అనుకుంటున్నారు. అమ్మవారి పాత గుడి 14వ శతాబ్దంలో కూలిపోయాక, 2005లో కొత్త గుడిలో ప్రతిష్ఠించేదాకా, ఆమె బాలబ్రహ్మేశ్వరుడి ఆలయంలోనే తలదాచుకుంది. ఆరువందల ఏళ్లు ఇంకొకరి గూటిలో ఉంది కదా అని ఆమెకు మొక్కడం ఎవరూ మానలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలి, అలంపూర్, కర్నూలు మునిగిన సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు ఇంట్లోకి వచ్చే పొద్దు ఎవరి తలుపు తట్టాలా అని ఆలోచించే వ్యవధి ఉండదు. ఆ తలుపు తట్టే అలవాటు ముందే ఉండాలి, గుండిగ కోసమైనా, గుప్పెడు చింతపండు కోసమైనా.

ఈ మాఘంలో ఇవన్నీ ఎవరివల్లా కాదు, నాకు తెలుసు. ఒక్కటి చెయ్యండి. నిరుడు పెద్దదిక్కు పోయిన ఇల్లు మీ చుట్టాల్లో ఒకటి ఉండే ఉంటుంది. అందరూ పెళ్లిళ్ల హడావిడిలో ఉన్నప్పుడు, ఫోన్ చెయ్యకుండా, వాళ్లింటికి పొండి.