మెయింటైనర్ గారి మెర్జ్ బటన్

ఓపెన్ సోర్స్ మెయింటైనర్ గారికి చాలాచోట్ల జీతం ఉండదు, తిట్లకు మాత్రం లోటుండదు. ఆయన ఆస్తల్లా మెర్జ్ బటన్ ఒక్కటే, దాన్నీ నొక్కరు. మీరు నెలల తరబడి కష్టపడి ఫీచర్ పంపితే అది పనిచేస్తుందా అని ముందు అడగరు. ప్రతిపాదన పెట్టారా, టెస్టులేవీ, డాక్యుమెంటేషన్ ఏదీ అంటారు. అన్నీ చూపిస్తే గడువు దాటిందంటారు. ఇది ఆయన సొంత చాదస్తమనుకుంటే పొరపాటు. లినక్స్ కెర్నెల్‌లో విడుదల కాగానే రెండు వారాలే కొత్తవాటికి తలుపు తీస్తారు, ఆపైన ఏడెనిమిది వారాలు మరమ్మతులకే ప్రవేశం. అయినా ‘సరే’ అనడమే సుఖమని ఎవరన్నారు? పైథాన్‌లో 572వ ప్రతిపాదనను ఆమోదించిన గీడో వాన్ రోసమ్, ఆ రగడతో విసిగి 2018లో పెద్దరికమే వదులుకున్నారు.

నవ్వుకున్నా, న్యాయం ఈయన పక్షానే ఉంది. ఫీచర్ ఇచ్చినవాడు ఇచ్చి వెళ్తాడు, దాని బగ్గులు మోసేది ఈయన. 2013లో లాగ్‌ఫోర్‌జేలో చేరిన జేఎన్‌డీఐ లుకప్ అనే ఫీచర్ 2021 డిసెంబరులో భద్రతా లోపంగా బయటపడి ఎందరో ఇంజనీర్లకు నిద్ర లేకుండా చేసింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బీట్ 2011 డిసెంబరు 31న, లోకం కేకులు కోసే పూట, చేరింది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపమై తేలింది. దాన్నీ ఒకరు సమీక్షించారు కదా, ఆ సమీక్ష ఏం వెలగబెట్టిందంటారా? పొడవు సరిచూసే ఒక్క షరతు లేకపోవడం ఎంతటి కంటికైనా తప్పిపోవచ్చు. ‘అసలిది ఎవరికి కావాలి?’ అన్న ప్రశ్నకు చురుకైన కళ్ళతో పనిలేదు. హార్ట్‌బీట్ అవసరం ముఖ్యంగా యూడీపీ మీద నడిచే డీటీఎల్‌ఎస్‌ది. మామూలు టీఎల్‌ఎస్‌లో కూడా దాన్ని తెరిచి ఉంచారు. ఈయనలాంటి మొండివాడు అక్కడే అడ్డం పడేవాడు.

అందరి కోడ్‌కు ఈయనెవరు కాపలా అనేవారూ ఉన్నారు. లైసెన్సు ఇచ్చింది నకలు తీసుకుని మార్చుకునే హక్కు, ఈయన శాఖలో చొరబడే హక్కు కాదు. అలాగని ఆయన ప్రతి ‘వద్దు’కూ దండం పెట్టనక్కర్లేదు. సనకాదులను ఆపిన జయవిజయులూ డ్యూటీయే చేశారు, శాపం తప్పలేదు. ఈయనకు ఆ శాపం పేరు ఫోర్క్. జీసీసీ కంపైలర్‌లో మార్పులు కదలడం లేదని 1997లో కొందరు ఈజీసీఎస్ పేరుతో వేరుపడ్డారు. 1999లో అదే అధికారిక జీసీసీ అయింది. ఆ జీసీసీలో ఇప్పుడు ఒకటో దశలో కొత్త ఫీచర్లు, మూడో దశలో బగ్గుల మరమ్మతు, నాలుగో దశలో రిగ్రెషన్లు, డాక్యుమెంటేషన్ మాత్రమే. రెండో దశ ఏమైందని అడక్కండి, దాన్నీ ఎవరో తిరస్కరించి ఉంటారు.