ముందుబండి ఆసామి

స్నోమొబైళ్ల మీద మంచులో తిరిగేవాళ్లు ఎక్కడ నలుగురు చేరినా, అందులో ఒకాయన తనంతట తానే ముందు బండి ఎక్కేస్తాడు. ఆయన్ని ఎవరూ ఎన్నుకోరు, ఎవరూ కాదనరు. వయసు యాభై దాటి ఉంటుంది. ఆఫీసులో ఎవరో ఒకరి మీద అజమాయిషీ ఉంటుంది, ఇంట్లో ఆ అవకాశం ఉండదు. సెలవు రోజుల్లో ఆ కొరత తీర్చుకోవడానికి ఆయనకి కావలసినవి మూడే: మంచు, వెంట వచ్చే మిత్రులు, సెల్‌ఫోన్ సిగ్నల్ అందని చోటు. మూడోది మరీ ముఖ్యం. సిగ్నల్ ఉన్నంతసేపు ఎవడి దారి వాడే వెతుక్కుంటాడు. సిగ్నల్ పోయిందంటే ఆయన రాజ్యం మొదలు.

ఈ జాతి బాగా పెరిగే నేలల్లో ఒకటి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రపు ఉత్తర ముక్క, అప్పర్ పెనిన్సులా. అందులోంచి కీవినా ద్వీపకల్పం లేక్ సుపీరియర్‌లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. సరస్సు మీదుగా వచ్చే చలిగాలి దారి పొడుగునా తేమ తాగి, ఒడ్డెక్కగానే దాన్ని మంచుగా కుమ్మరించేస్తుంది. 1978-79 చలికాలంలో అక్కడ 390.4 అంగుళాల మంచు పడింది. అంటే ముప్పై రెండున్నర అడుగులు. ఆ అంకెను లోకం మర్చిపోకుండా యు.ఎస్.-41 రోడ్డు పక్కన పెద్ద కొలబద్ద ఒకటి నిలబెట్టారు. ఒకప్పుడు రాగి గనులతో వెలిగిన ఊళ్లు ఇప్పుడు చలికాలంలో స్నోమొబైళ్లకి పెట్రోలు పోసి, వాటి మీద వచ్చినవాళ్లకి అన్నం పెట్టి నడుస్తున్నాయి. హోటన్, హాంకాక్ ఊళ్లని కలిపే లిఫ్ట్ బ్రిడ్జి కింది అంతస్తునైతే చలికాలంలో ఈ బండ్లకే వదిలేస్తారు. అది దాటి కాపర్ హార్బర్ వైపు అడవిలో పడ్డాక చాలాచోట్ల ఫోన్ పలకదు.

ఆసామి బండిని కాస్త దగ్గరికెళ్లి చూడాలి. హ్యాండిల్ మధ్యలో కంపెనీ ఇచ్చిన ఏడంగుళాల తెర. దాన్ని నమ్మక, పక్కన ఇంకో తెర. ఛాతీ మీద బెల్టుకి ఉపగ్రహ సందేశ యంత్రం, భుజం దగ్గర వాకీటాకీ, హెల్మెట్‌లో మైకు. ఫోన్ మాత్రం లోచొక్కా జేబులో ఒంటికి ఆనుకుని ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీ చలికి బిగుసుకుపోయి, నలభై శాతం ఉందని చూపిస్తూ చూపిస్తూనే ఆగిపోతుంది మరి. టార్చిలైటుకి మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసే లిథియం పెన్సిల్ సెల్స్ వేశాడు. "మైనస్ 40 అంటే సెల్సియసా, ఫారన్‌హీటా?" అని కొత్తవాడెవడైనా అడగాలని ఆయన ఆశ. అక్కడ రెండూ ఒకటేనని చెప్పే అవకాశం రాకపోతే ఆయనకి చలికాలం వచ్చినట్టే ఉండదు.

ఇన్ని తెరలున్నా ఒక చిక్కుంది. గ్లవ్ వేసుకుంటే తెర పలకదు, గ్లవ్ తీస్తే వేళ్లు పలకవు. అందుకని ఆసామి హెల్మెట్ అద్దం పైకెత్తి, బండి మీదికి వంగి, ముక్కు కొనతో పటాన్ని జరుపుతాడు. దూరం నుంచి చూసేవాళ్లకి బండికి సాష్టాంగం చేస్తున్నట్టుంటుంది.

బయల్దేరే ముందు హోటల్ పార్కింగులో ఉపన్యాసం తప్పదు. మైనస్ పద్దెనిమిదిలో పది మంది పెద్దమనుషులు కాళ్లు మార్చుకుంటూ వింటారు. నిజం చెప్పాలంటే వినదగ్గ ఉపన్యాసమే. జీపీఎస్‌కీ సెల్ టవరుకీ సంబంధం లేదు, ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల్లో నాలుగు వినబడితే చాలు, నువ్వెక్కడున్నావో ఫోన్ చెప్పేస్తుంది. అయితే పటం ముందే దింపుకుని ఉండాలి. లేకపోతే తెల్లటి తెర మీద నీలం చుక్క ఒక్కటే మిగులుతుంది. బయట కూడా అంతా తెలుపే కనక పెద్ద తేడా తెలియదనుకోండి. అసలు సంగతి ఆ తర్వాత వస్తుంది. జీపీఎస్ వింటుందే గానీ మాట్లాడదు. నీ చోటు నీకే చెబుతుంది, పక్కవాడికి చెప్పదు. పక్కవాడికి చెప్పాలంటే నోరున్న యంత్రం ఇంకొకటి కావాలి. ఆసామి ఖర్చంతా ఆ నోటి కోసమే.

వాకీటాకీనీ జీపీఎస్‌నీ ఒకే డబ్బాలో పెట్టిన గార్మిన్ రైనో ఆయన మొదటి ప్రేమ. మాట్లాడే మీట నొక్కితే మాటతో పాటు మనం ఉన్న చోటు కూడా వెళ్లి అవతలివాడి పటం మీద పడేది. ఇప్పుడు అదే కంపెనీ ట్రెడ్ పరికరం రేడియో మీదే ఇరవై మందిని చుక్కలుగా చూపిస్తుంది. జట్టులో ఉన్న కుర్రాడొకడు మెష్‌టాస్టిక్ అంటూ అగ్గిపెట్టె అంతవి నాలుగు తెచ్చాడు. ఒకదాని కబురు ఇంకొకటి అందుకుని ముందుకు పంపుతుంది. టవరు అక్కర్లేదు, నెలనెలా చందా అక్కర్లేదు. చందా అక్కర్లేని వస్తువు మీద ఆసామికి గురి కుదరదు. కుర్రాడి డబ్బాలని జేబులో వేసుకోమంటాడు గానీ లెక్కలోకి తీసుకోడు.

వాకీటాకీ డబ్బా మీద 36 మైళ్లు అందుతుందని అచ్చేసి ఉంటుంది. అబద్ధం కాదు. ఒకడు కొండ కొసన నిలబడి, రెండోవాడు లోయలో నిలబడి, మధ్యలో చెట్టూ చేమా ఏమీ లేకపోతే అందుతుంది. కీవినా అడవిలో మైలో రెండు మైళ్లో దక్కితే గొప్ప. స్నోమొబైలు సంగతి చూస్తే, ముందు బండి లేపిన మంచు దుమారంలో వెనకవాడికి దారి కనబడదు, వాడు దూరం ఇస్తాడు, వాడి వెనకవాడు ఇంకాస్త ఇస్తాడు. అరగంటలో పది బండ్ల వరస మైళ్ల కొద్దీ సాగిపోతుంది.

ఇక్కడే చుక్కల నాటకం మొదలవుతుంది. రేడియో అందనంత దూరం పోయిన బండి తెర మీంచి మాయం కాదు, చివరి కబురు అందిన చోటే చుక్క నిలిచిపోతుంది. ఒకరోజు అయిదో నంబరు చుక్క చెరువు అంచున కదలకుండా ఉండిపోయింది. ఆసామి పిడికిలి పైకెత్తి అందరినీ ఆపాడు. ముక్కుతో పటాన్ని పెద్దది చేశాడు. చెరువు మీద మంచు ఎంత మందం ఉంటుందో, నీళ్లలో పడ్డ మనిషికి ఎంత సమయం ఉంటుందో చెప్పాడు. ఇద్దరిని వెనక్కి పంపడానికి పేర్లు కూడా ఖాయం చేశాడు. అయిదో నంబరు మనిషి ఆయన వెనకే, హెల్మెట్ చేత్తో పట్టుకుని, బిస్కెట్ తింటూ ఇదంతా శ్రద్ధగా వింటున్నాడు. ఎవరి కోసం వెతుకుతున్నారో ఆయనకి తెలియదు. తనూ వస్తానని చెయ్యెత్తాడు.

ఆసామి ఛాతీ మీది యంత్రం మాత్రం నవ్వులాట కాదు. ఇన్‌రీచ్ దాని పేరు. 2011లో డెలోర్మ్ కంపెనీ తెచ్చింది, 2016లో గార్మిన్ ఆ కంపెనీనే కొనేసింది. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరిగే 66 ఇరిడియం ఉపగ్రహాల మీదుగా, ఆకాశం కాస్త కనబడితే చాలు, 160 అక్షరాల కబురు అటూ ఇటూ పోతుంది. మూత కింద ఎస్.ఓ.ఎస్. మీట ఉంటుంది. అది నొక్కితే కబురు రాత్రీ పగలూ మనుషులుండే కేంద్రానికి చేరి, అక్కణ్నుంచి స్థానిక షెరీఫ్ ఆఫీసుకి వెళుతుంది. విరిగిన కాలుతో మంచులో పడున్నవాడికి ఆ మీట విలువ తెలుస్తుంది. తక్కిన రోజుల్లో ఆ యంత్రం చేసే పని వేరు. పది నిమిషాలకోసారి ఆసామి ఉన్న చోటుని ఇంటర్నెట్ పటం మీద గుర్తు పెడుతుంది. ఆ పటం లింకుని ఆయన ఔదార్యంగా అందరి ఇళ్లకీ పంపాడు.

పంపకుండా ఉండాల్సింది. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో మన ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. అలా జట్టులో చేరిన తెలుగు కుర్రాడొకడు ఆ లింకుని గుంటూరుకి పంపాడు. అక్కడ పదిన్నర గంటలు ముందుంటారు కనక, రిటైరైన తండ్రిగారు రాత్రి భోంచేసి పటం ముందు కూర్చున్నారు. పటంలోంచి యంత్రానికి కబురు పంపే వీలుంది, ఆయన పంపారు. నడి అడవిలో ఆసామి ఛాతీ గుయ్యిమంది. పిడికిలి లేచింది, పది బండ్లూ ఆగాయి. "మా అబ్బాయి హెల్మెట్ కింద మంకీ క్యాప్ పెట్టుకున్నాడో లేదో దయచేసి తెలుపగలరు." ఆసామి వెనక్కి నడిచి వెళ్లి, కుర్రాడి హెల్మెట్ తీయించి, స్వయంగా చూసి, పెట్టుకున్నాడని జవాబిచ్చాడు. పెట్టుకోకపోతే ఏం చేసేవాడో గానీ, మర్నాటి నుంచి బయల్దేరే ముందు చూసుకోవలసిన వాటి పట్టీలో ఆ అంశం కూడా చేరింది. అమెరికన్లందరూ తల చూపించి బండెక్కుతున్నారు.

ఆసామి భార్యామణి మాత్రం మంకీ క్యాపుల జోలికి పోదు. "అడవిలో ఆ ఇంటి దగ్గర గంటంపావు ఏం చేశారు?" అంటుంది, అంతే. అది దారి పక్క బార్. ఆసామి అక్కడ కాఫీ తప్ప ఏమీ తాగడు, అది నిజం. కానీ చుక్క కాఫీ అని చెప్పదు కదా.

భోజనం వేళ మరో చిక్కు. అప్పర్ పెనిన్సులాలో విస్కాన్సిన్ సరిహద్దునున్న నాలుగు కౌంటీలు గంట వెనక నడుస్తాయి. అటు వైపు వెళ్లిన రోజు, పన్నెండుకి కలుద్దామంటే ఎవరి పన్నెండని అడగాలి. ఆసామి రెండు గడియారాలు పెట్టుకుంటాడు, అయినా ఆకలి మూడో టైములో వేస్తుంది. కార్నిష్ గనికార్మికులు తెచ్చిన పాస్టీ అక్కడి ఫలహారం. మాంసం, బంగాళాదుంప కూరిన పెద్ద కజ్జికాయ లాంటిది. దాన్ని రేకు కాగితంలో చుట్టి సైలెన్సరు పక్కన డబ్బాలో పెడితే, ఊరు దాటి ఊరు చేరేసరికి వేడెక్కి ఉంటుంది. సాంకేతిక విజ్ఞానంలో ఇంతకన్నా నమ్మకమైనది ఆ బండి మీద ఇంకోటి లేదు.

ఆసామికి దేవుడొకడున్నాడు, రాల్ఫ్ ప్లేస్టెడ్. మిన్నెసోటాలో బీమా వ్యాపారి. 1967లో స్నోమొబైళ్ల మీద ఉత్తర ధ్రువానికి బయల్దేరి వెనక్కొచ్చాడు. 1968 మార్చిలో మళ్లీ బయల్దేరి ఏప్రిల్ 19న చేరాడు. వెంట ఉన్న ముగ్గురిలో ఒకాయన, స్కీ-డూ బండిని తయారు చేసిన బొంబార్డియే గారి బంధువు. దారి చూసినాయన జెర్రీ పిట్జల్ భూగోళం చెప్పే మాస్టారు. చేతిలో కోణాలు కొలిచే సెక్స్‌టెంటు, ఆకాశంలో సూర్యుడు, కింద నిద్రపోయేలోగా కదిలిపోయే సముద్రపు మంచు. అంతా అయ్యాక అమెరికా వైమానిక దళ విమానం ఒకటి పైనుంచి చూసి చేరారని ఖరారు చేసింది. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆసామి కళ్లు చెమరుస్తాయి. సెక్స్‌టెంటు దగ్గర కాదు, విమానం దగ్గర. నువ్వు ఫలానా చోటే ఉన్నావని పైనుంచి ఒకరు ఒప్పుకోవడం ఆయన దృష్టిలో మోక్షం.

ఆయనకి నచ్చని కథ ఇంకొకటుంది. కెనడా ఉత్తరాన ఇగ్లూలిక్ దీవిలో ఇన్యుయిట్ వేటగాళ్లు గాలి చెక్కిన మంచు మెట్టల వాలు చూసి చీకట్లోనూ పొగమంచులోనూ దారి పట్టేవారు. అక్కడికి జీపీఎస్ వచ్చాక ఏం జరిగిందో పరిశోధకులు క్లాడియో అపోర్టా, ఎరిక్ హిగ్స్ 2005లో రాశారు. వేటగాళ్లు యంత్రాన్ని కాదనలేదు, పొగమంచులో అది బాగానే ఉపయోగపడింది. పెద్దల బెంగ వేరు. యంత్రం తిన్నగా గీత గీసి చూపిస్తుంది, ఆ గీత కింద మంచు పలచగా ఉందా అన్నది దానికి పట్టదు. మంచు చదవడం రానివాడికి ఆ గీత ప్రమాదం. ఆసామి ఇది విని, పటం అప్‌డేట్ చేసుకుంటే సరిపోతుందంటాడు.

ఇంకా నచ్చనిది 2022 నుంచి కొత్త ఐఫోన్లలో వస్తున్న ఉపగ్రహ సౌకర్యం. జట్టులో కుర్రాడెవడో ఆకాశం వైపు ఫోన్ చూపించి, "ఇది కూడా ఉపగ్రహానికి కబురు పంపుతుంది, చందా లేదు" అన్న క్షణాన ఆసామి మొహం చూడలేం. చలికి ఆ ఫోన్ ఆరిపోయినప్పుడు మాత్రం చూడొచ్చు.

ఇంతకీ పది మందీ సాయంత్రానికి హోటల్ చేరుతున్నది దేనివల్ల? వెనకబండి మనిషి వల్ల. ఆయనకి తెర లేదు, మైకు లేదు. బండి డిక్కీలో లాగుడు తాడు, స్పేర్ బెల్టు, ఫ్లాస్కులో టీ. జట్టంతా పాటించే నియమం ఒక్కటే: దారి చీలిన ప్రతి చోటా ఆగు, నీ వెనక బండి లైటు కనబడ్డాకే కదులు. ఎదురుగా వేరే జట్టు వస్తే, ముందున్నవాడు తన వెనక ఎన్ని బండ్లున్నాయో వేళ్లతో చూపిస్తాడు, చివరివాడు పిడికిలి చూపిస్తాడు, అంటే ఇక ఎవరూ లేరని. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండాలని ఈ సైగలు మానేయమంటున్న క్లబ్బులూ ఉన్నాయి. దారి చీలిన చోట ఆగడం మాత్రం ఎవరూ మానమనలేదు. తెరలన్నీ ఆరిపోయిన రోజున ఆసామి కూడా అదే చేస్తాడు, లోపలి జేబులోంచి పెట్రోలు బంకులో కొన్న కాగితం పటం తీస్తాడు, కూడలి స్తంభం మీది నంబరు చూసుకుంటాడు. ఆ పటం ఉన్నట్టు జట్టులో ఎవరికీ తెలియదనుకుంటాడు. అందరికీ తెలుసు.

ఇలాంటి జట్టులో చేరాలనుకుంటే, ముందుబండి ఆయన దగ్గర ఎన్ని తెరలున్నాయో అడక్కండి, ఆయనే చెబుతాడు. చివరి బండి ఎవరు తోలుతున్నారో, ఆయన దగ్గర తాడు ఉందో లేదో అడగండి. పటం మాత్రం హోటల్ వైఫై అందుతుండగానే దింపుకోండి.